పసరుకా? పథ్యానికా? క్రెడిట్ ఎవరికి?

హీరోని పాము కరుస్తుంది. గూడెం పెద్ద ఏదో ఆకు నలిపి పసరు పిండుతాడు. హీరో కళ్ళు తెరుస్తాడు... ఎదురుగా పెద్దాయన కూతురు! మరుక్షణం డ్యూయెట్! ఇలాంటి సీన్లకి మీరూ, నేనూ ఈలలు వేసినవాళ్ళమే. (నిజంగా పాము కరిస్తే మాత్రం పసరు కోసం ఆగకండి బాబూ! విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే వుంటుంది.)

పోయిన వానాకాలం నాకూ అలాంటి సీనులో చిన్న వేషం దొరికింది. లొకేషన్ బోథ్. అదే, పొచ్చెర జలపాతం దగ్గరి బోథ్.

మా చిన్నమ్మ కొడుక్కి పచ్చకామెర్లు. ఆదిలాబాద్‌లో రక్తపరీక్ష చేయిస్తే, కలుషితమైన నీళ్ళతో వచ్చే హెపటైటిస్-ఏ అన్నారు. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది, దీనికి ప్రత్యేకంగా మందు లేదన్నారు.

"మందు లేంది దవాఖాన ఎందుకురా?" అంది చిన్నమ్మ. అంతే, చలో వైద్యం!

మొదటి మజిలీ అంగడిలో ఒకాయన దగ్గర. మావాడి చేతులకి ఏదో రసం పూసి, తెల్లటి నీళ్ళలో కడిగాడు. నీళ్ళు పచ్చగా మారాయి! "చూసిండ్రా, కామెర్లు దిగుతున్నయ్" అన్నాడు. నాకు దురద పుట్టింది. "నా చేతులూ కడుగన్నా" అన్నాను. నావీ పచ్చగా దిగాయి! "నీగ్గూడ వున్నయ్ బిడ్డా" అన్నాడు తొణక్కుండా. ఇంటికొచ్చి మామిడి బెరడు రసం, సున్నపు తేట తెచ్చి నేనే చేసి చూశాను. అదే పసుపు! గ్రాఫిక్స్ లేని కాలం నాటి ట్రిక్ షాటన్నమాట.

రెండో మజిలీ పక్క పల్లెలో ఓ ముసలమ్మ. ఈమె సంగతి వేరు. పైసా ముట్టదు. పరగడుపున మేకపాలలో పసరు, పైన నూనె, కారం, కల్లు లేని పథ్యం. ఆకు పేరు చెప్పదు గానీ చిన్నమ్మ వాసన పట్టేసింది... నేల ఉసిరి! వానలు పడగానే గట్ల మీద మొలిచి, ఆకుల అడుగున చిట్టి ఉసిరికాయల్ని వరసగా దాచుకుంటుందే, అదే.

దీన్ని నవ్వి కొట్టిపారేయడానికి లేదండోయ్. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో వున్నవాళ్ళకి నేల ఉసిరి పొడి ఇచ్చి చూశారు. ఆ వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బ్లంబర్గ్ కూడా వాళ్ళలో ఒకడు. పొడి తిన్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ జాడ పోయింది. ఉత్త గుళికలు మింగిన 23 మందిలో ఒక్కరికే పోయింది! 'లాన్సెట్' పత్రిక దాన్ని అచ్చు వేసింది. సూపర్ హిట్ అనుకున్నారంతా. తరువాత వేరేవాళ్ళు మళ్ళీ మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. మొదటి ఆట హౌస్‌ఫుల్, రెండోవారం హాలు ఖాళీ!

సరే, అసలు సంగతి. ముసలమ్మ వాకిట్లో మా ముందు ఓ అమ్మాయి కూర్చుని వుంది. ఎనిమిదో నెల. కళ్ళు పచ్చగా వున్నాయి. నా గుండె ఝల్లుమంది. నీళ్ళతో వచ్చేదే హెపటైటిస్-ఇ అని ఇంకొకటుంది. మామూలు వాళ్ళని అది చాలామట్టుకు వదిలేస్తుంది. నెలలు నిండుతున్న గర్భిణులకి వస్తే మాత్రం నూటికి 20, 25 మంది ప్రాణాలు పోవచ్చు. ఆ పిల్లకి వచ్చింది ఏదో పరీక్ష చేస్తేగానీ తెలియదు. భర్తకి చెప్పాను. "ఆడికి బోతే సూదులు గుచ్చుతరు, రకుతం దీస్తరు" అన్నాడు. వైరస్ అన్నాను, లివర్ అన్నాను. నావైపు సినిమా డాక్టర్ని చూసినట్టు చూశాడు.

అప్పుడు పలికింది మా చిన్నమ్మ. "పసరు ఏడికి బోదు కొడుకా. గట్టు మీదనే వుంటది. ముందుగాల్ల దవాఖానకు తీస్కపో, రెండు పానాలు." ముసలమ్మ కూడా గిన్నె పక్కన పెట్టి, "నేను గర్భిణులకియ్య. పోండ్రి" అంది. ఆ మాటకి లేచారు ఇద్దరూ. ఆదిలాబాద్ బస్సు ఎక్కించే వచ్చాను.

మావాడి కళ్ళు నాలుగో వారానికి తెల్లబడ్డాయి. చిన్నమ్మ పసరంటుంది. నేను పథ్యమూ విశ్రాంతీ అంటాను. వాడి కాలేయం ఎవరికీ చెప్పకుండా తన పని తాను చేసుకుపోయిందని నా అనుమానం. వాడికివేమీ పట్టలేదు. లేచిన రోజే మిర్చీ బజ్జీలకి పరిగెత్తబోతే చిన్నమ్మ చెవి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది.