గ్యాస్ అనే ముందు ఈసీజీ

నిజామాబాద్ జిల్లా కోటగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఛాతీలో నొప్పి అనగానే వినిపించే మొదటి మాట 'గ్యాస్ పట్టింది'. వెంటనే సోడా తాగిస్తారు, లేదంటే ఈనో కలిపిస్తారు. కాసేపటికి నొప్పి తగ్గుతుంది. 'చూసినవా, గ్యాసే' అని ఇంటివాళ్లు తేలికపడతారు. కొన్నాళ్లకు నొప్పి మళ్లీ వస్తుంది, మళ్లీ సోడా. వచ్చిపోయే నొప్పితో ప్రమాదం లేదన్న ఈ నమ్మకం ప్రాణాంతకమైనది.

గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. ఒళ్లు వంచి పని చేసినప్పుడు గుండెకు చాలినంత రక్తం అందదు. చెరుకు మోపు ఎత్తినప్పుడో, మెట్లెక్కినప్పుడో ఛాతీ మధ్యలో బరువుగా, పట్టి పిండినట్టు ఉంటుంది. కూర్చుంటే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. డాక్టర్లు దీన్ని యాంజైనా అంటారు. నడిస్తే వచ్చి, నిలబడితే పోయే ఈ నొప్పిని ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లోనే వివరించాడు. కూర్చోగానే తగ్గింది కదా అని మనం కొట్టిపారేస్తున్నదే గుండె జబ్బుకు అసలు గుర్తు. మొదటిసారి ఇలా వచ్చిందంటే సంతకో పెళ్లికో వెళ్లాక చూద్దాం అనుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ నొప్పి తీరు మారిందంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మునుపు పొలం దాకా నడిస్తే వచ్చేది ఇప్పుడు వాకిట్లోకి వచ్చేసరికే వస్తున్నా, నెలకోసారి వచ్చేది రోజూ వస్తున్నా, ఊరికే కూర్చున్నప్పుడు లేదా నిద్రలో వచ్చినా, అది తగ్గిపోయినా సరే, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. కూర్చుని అయిదు నిమిషాలైనా తగ్గకపోతే, చల్లని చెమటలు, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం ఉంటే, నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకితే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అందరికీ నొప్పి ఇలాగే రాదు. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో, ఆడవాళ్లలో కొన్నిసార్లు ఆయాసం, విపరీతమైన నీరసం, వీపు నొప్పి మాత్రమే కనిపిస్తాయి. రోజంతా వంగి బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు మెడ, వీపు నొప్పిని పని వల్లనే అనుకుంటారు. కొత్తగా వచ్చి, నడిస్తే పెరిగే నొప్పిని అలా అనుకోవద్దు. 2015లో బోధన్ నిజాం షుగర్స్ మూతపడ్డాక ఇంటిపట్టున ఉండిపోయిన కార్మికుల్లో చాలామంది ఇప్పుడు బీపీ, షుగర్ వచ్చే వయసులో ఉన్నారు. వాళ్ల ఇంటివాళ్లు మరింత కనిపెట్టుకుని ఉండాలి. చూడడానికి ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న గుండెపోటుతో నడి వయసులోనే వెళ్లిపోయారు.

ఈనోతో తగ్గింది కాబట్టి గుండె నొప్పి కాదని తేల్చలేం. మొదటి ఈసీజీ బాగుందన్నా నొప్పి ఉంటే కొంతసేపటికి మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయాలి. ఆ మాట మీరే అడగండి, మొహమాటపడకండి.

నాళంలో గడ్డ అడ్డుపడితే గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ 12 గంటల లోపు పనికొస్తుంది, మొదటి గంటల్లో ఇస్తేనే ఎక్కువ మేలు. అందుకే రోగిని బైకు మీద కూర్చోబెట్టి బోధన్ తీసుకెళ్లడం తప్పు. 2005 నుంచి మనకు 108 ఉంది, దారిలో చూసుకునే మనిషి అందులో ఉంటాడు. బండి వచ్చేదాకా రోగిని నడిపించకండి. ఆస్పిరిన్ ఇవ్వాలా వద్దా అన్నది 108 వాళ్లనే అడిగి, సరేనంటేనే నమిలించండి. గల్ఫ్‌లో ఉన్న మీ వాళ్లకూ చెప్పండి: అక్కడ అంబులెన్స్ నంబరు సౌదీలో 997, యూఏఈలో 998. నొప్పిని దాచుకుని గదిలో పడుకోవద్దు.

ఊరి ఆర్ఎంపీలకు ఒక విన్నపం. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు సూది వేసి 'పొద్దున చూద్దాం' అనకండి, ఈసీజీకి పంపండి. ప్రభుత్వానికి ఒక డిమాండ్. ప్రతి మండల ఆస్పత్రిలో రాత్రిపూట కూడా ఈసీజీ తీసే మనిషి, దాన్ని చూసి చెప్పే డాక్టరు ఫోన్లోనైనా అందుబాటులో ఉండాలి.

గ్యాసో గుండో తేల్చాల్సింది ఈసీజీ, రక్తపరీక్ష చూసిన డాక్టరు. ఇంట్లో ఎవరూ ఆ తీర్పు చెప్పవద్దు. నొప్పి తగ్గకపోతే అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేయండి.