అడవి వాటా ఎగ్గొట్టిన చట్టం

హైదరాబాద్ మదీనాగూడలో హైవే పక్కన ఏ సూపర్ మార్కెట్‌లోకి వెళ్లినా కరక్కాయ పొడి దొరుకుతుంది. డబ్బా మీద చెట్టు శాస్త్రీయ నామం, తయారీ తేదీ, ధర ఉంటాయి. ఏ అడవిలో ఏరారో, ఏరినవారికి ఎంత ముట్టిందో మాత్రం ఉండదు. 2020 మేలో కేంద్రం సవరించిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మద్దతు ధరల్లో కరక్కాయ కిలో 15 రూపాయలు, తానికాయ 17. వంద గ్రాముల పొడికే మనం అంతకు ఎన్నో రెట్లు చెల్లిస్తున్నాం.

ఆ 15 రూపాయల వెనకున్న కష్టం చూడండి. రాలిన కాయల్ని నడుం వంచి ఒక్కొక్కటే ఏరాలి. పుచ్చులు తీసేయాలి. బూజు పట్టకుండా ముడతలు పడేదాకా ఎండబెట్టాలి. మూట కట్టి సంతకు మోయాలి. నల్లమల చెంచులు, మన్యం గిరిజనులు చేసే పని ఇది. ఈ కాయ అవసరం మనతోనే ఆగదు. టిబెట్ మీదుగా ఆయుర్వేద పాఠాలు అందుకున్న మంగోలియా సంప్రదాయ వైద్యంలోనూ కరక్కాయకు పెద్దపీటే. అక్కడి చలికి ఆ చెట్టు బతకదు, కాయ బయటినుంచి రావలసిందే.

ఏరేవారికి వాటా దక్కాలన్న మాట కొత్తదేమీ కాదు. 2012 అక్టోబరులో అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు జరిగింది ఇక్కడికి దగ్గర్లోనే, మాదాపూర్ హెచ్‌ఐసీసీలో. సదస్సు సాగుతుండగానే, 9వ తేదీన, భారత్ నగోయా ఒప్పందాన్ని ధ్రువీకరించింది. జీవవనరులతో లాభపడినవారు వాటిని కాపాడుకొస్తున్న జనానికి వాటా ఇవ్వాలన్నదే దాని సారం. స్వదేశీ కంపెనీలూ వాటా ఇవ్వాల్సిందేనని 2018 డిసెంబరులో దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు తేల్చిచెప్పింది.

పార్లమెంటు 2023లో ఆ మాటకు నీళ్లొదిలింది. జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, ప్రామాణిక వైద్య గ్రంథాల్లోని జ్ఞానానికీ, సాగుచేసిన ఔషధ మొక్కలకూ మినహాయింపు ఇచ్చింది. చట్టం ఉల్లంఘిస్తే పడే జైలు శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టింది. కరక్కాయ గుణాలు చరక సంహితలో ఉన్నాయి. అంతమాత్రాన ఆ కాయ ఏరే చెంచు తల్లికి వాటా లేకుండా పోవాలా? గ్రంథం కాయను కాయదు. చెట్టును నరకకుండా, మంటల పాలు కాకుండా తరతరాలుగా చూసుకున్నది ఆమె పెద్దలు. ఇది చట్టం పేరుతో చేసిన అన్యాయం.

కేంద్రం ఈ మినహాయింపును వెంటనే రద్దు చేయాలి. మద్దతు ధరను ఏరేవారి కూలి గిట్టేలా పెంచాలి. సేకరించిన అడవి పేరు డబ్బా మీద అచ్చు వేయడం తప్పనిసరి చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి. కొనేవాళ్లం మనమూ ఆ పేరేమిటని దుకాణంలో అడుగుదాం.