పిల్ల మాట పిల్ల భాషలోనే వినాలి

ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో గోండి, కోయ, కొలామి మాట్లాడే ఎనిమిదేళ్ల పిల్లను స్టేషన్‌లో కూర్చోబెట్టి, తెలుగులో "వాడే కదా? రాత్రే కదా?" అని గద్దిస్తే ఏం చేస్తది? భయంతో తలూపుతది. ఆ తలూపుడే వాంగ్మూలం అయితది. రేపు కోర్టులో ఇంకోలా చెబితే, పిల్ల అబద్ధమాడిందంటారు. తప్పు అడిగినోళ్లది, నింద పిల్ల మీద!

లైంగిక నేరాల కేసుల్లో చట్టం ఇలా అడగమనలేదు. 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం పిల్ల ఇంట్లోనో, కోరిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి. పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. 26వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులో, పిల్ల నమ్మినోళ్లో పక్కనుండాలి. అవసరమైతే దుబాసీ సాయం "తీసుకోవచ్చు". ఈ "వచ్చు" చాటునే మన భాషలను పక్కకు నెడుతున్నారు. "తీసుకోవాలి" అని మనం పట్టుబట్టాలి.

"ఏం జరిగిందో చెప్పు బిడ్డా" అని అడిగి ఆగాలి. పిల్ల మౌనంగా ఉంటే ఉండనివ్వాలి. జవాబు నోటికి అందించొద్దు.

మీ గూడేనికి పోలీసులొస్తే దుబాసీ కావాలని కాగితం రాసివ్వండి. పిల్ల పక్కన కూర్చోండి. పిల్ల బదులు మాత్రం మీరు మాట్లాడకండి.