ఆచారం పేరిట గాయం

నాలుగైదేళ్ల ఆడపిల్ల పాదాన్ని వేడినీళ్లలో నానబెట్టి, బొటనవేలు తప్ప మిగతా నాలుగు వేళ్లనూ అరికాలి కిందికి మడిచి, పొడవాటి గుడ్డపట్టీతో బిగించి కట్టేవారు. ఎముకలు విరిగేవి. చీము పట్టేది. మూడంగుళాల ‘బంగారు తామర’ పాదం ఉంటేనే మంచి సంబంధం వస్తుందన్న నమ్మకంతో చైనాలో కన్నతల్లులే ఈ పని చేశారు.

1912లో గణతంత్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అంతకుముందే సంస్కర్తల సంఘాలు ఊళ్లలో తల్లిదండ్రుల చేత ప్రమాణం చేయించాయి: మా కూతుళ్ల పాదాలు కట్టం, పాదాలు కట్టిన పిల్లను కోడలిగా తెచ్చుకోం. వెయ్యేళ్ల ఆచారం అలా సడలింది.

ఇలాంటిదే మరో ఆచారమైన జననాంగ ఛేదనకు గురైన ఆడవాళ్లు నేడు ప్రపంచంలో 23 కోట్లకు పైనేనని 2024లో యూనిసెఫ్ లెక్కగట్టింది. చాలాచోట్ల దానికీ పెళ్లి సంబంధమే సాకు. చట్టంతో పాటు, చైనాలో లాగే మగపిల్లల తల్లిదండ్రులూ ముందుకొచ్చి మాట ఇవ్వాలి.