చేతిలో ఇమిడే టార్చ్: ల్యూమెన్లు చూసి కొనకండి



సెలవులొస్తే మనలో చాలామంది పిల్లలతో అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్తాం. దాదాపు 9 కిలోమీటర్లు, 3,500కు పైగా మెట్లు. బ్యాగులో నీళ్ల సీసా, బిస్కెట్లు, స్వెటర్ పెట్టుకుంటాం. టార్చ్ మాటెత్తితే "ఫోన్ ఉంది కదా" అంటాం. నేనూ అలాగే అనేదాన్ని.

బీఈడీ చదివే రోజుల్లో ఒక సాయంత్రం అమ్మతో మెట్లు దిగుతుంటే ఆమె షుగర్ మాత్రల డబ్బా మెట్ల పక్కకు దొర్లిపోయింది. ఫోన్ వెలుగులో వెతికాం. డబ్బా దొరికింది, కానీ ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. కింద ఎదురుచూస్తున్న నాన్నకు ఆలస్యమవుతుందని చెప్పే దారి లేదు. ఆయన పడ్డ కంగారు ఇప్పటికీ గుర్తే. అప్పట్నుంచి నా మాట ఒకటే: ఫోన్ మాట్లాడటానికి, టార్చ్ వెలుగుకు.

అయితే ఏది కొనాలి? మా క్లాసులో అడిగితే పిల్లలంతా "ఎక్కువ ల్యూమెన్లున్నది" అన్నారు. పెట్టె మీద 1,000 ల్యూమెన్లని ఉన్నా, చిన్న టార్చ్ వేడెక్కి కొద్ది నిమిషాల్లోనే వెలుగు తగ్గించేస్తుంది. కాళ్ల ముందు మెట్టు కనబడటానికి 20 నుంచి 50 ల్యూమెన్లు చాలు. పైగా కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నిమిషాలకు పైనే పడుతుంది. పెద్ద వెలుగు ఆ అలవాటును క్షణంలో పోగొడుతుంది.

కొనేముందు మూడు చూడండి. కళ్లు మూసుకుని మీ పాప ఒక్క నొక్కుతో వెలిగించగలదా? వీధి చివరి అంగట్లో దొరికే ఏఏ సెల్‌తో పనిచేస్తుందా? వాన జల్లుకు తట్టుకునే ఐపీఎక్స్4 గుర్తు ఉందా? లిథియం సెల్ ఎక్కువసేపు వస్తుంది, నిజమే. కానీ విడి సెల్ తాళంచెవులకు తగిలితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, పిల్లల బ్యాగులో వద్దు.

ఒక్క మాట. 2023 ఆగస్టులో ఈ నడకదారిలోనే ఆరేళ్ల పాపను చిరుత బలిగొంది. ఆ తర్వాత మధ్యాహ్నం 2 దాటితే పిల్లల్ని నడకదారిలోకి అనుమతించకుండా టీటీడీ ఆంక్ష పెట్టింది. టార్చ్ చిరుతను ఆపదు. గుంపుగా నడవడం, పిల్లల చేయి వదలకపోవడం, వేళ పాటించడం, ఇవే రక్ష. టార్చ్ వాటికి తోడు మాత్రమే.

ఈ ఆదివారం ఇంట్లో లైట్లన్నీ ఆపి, టార్చ్ మీ పిల్లల చేతికిచ్చి చూడండి. ఎదుటివారి కళ్లలోకి కొట్టకూడదని కూడా అప్పుడే నేర్పండి.