వేలు లేకున్నా వచ్చే అంకె

ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు ఎక్స్‌పోలకు వెళ్తే గుండె వేగం కొలిచే పెట్టె ఒక్కటైనా కనబడక మానదు. ఆర్డుయినో బోర్డు, చిన్న ఎల్‌సీడీ, మూడు తీగల పల్స్ సెన్సర్, వెనకాల థర్మాకోల్ షీటు మీద ‘హార్ట్ ఎటాక్ డిటెక్షన్ సిస్టమ్’ అని పెద్దక్షరాలు. వేలు పెడితే 72 అని పడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. నేనైతే వేలు తీసేయమంటాను. చాలా పెట్టెల్లో అప్పుడూ ఏదో ఒక అంకె వస్తూనే ఉంటుంది.

తప్పు సెన్సర్‌ది అనలేం. 2011లో అమెరికాలో జోయెల్ మర్ఫీ, యూరీ గిట్‌మన్ దీన్ని తెచ్చి, డిజైన్‌ను అందరికీ తెరిచి పెట్టారు. అందుకే దాని నకళ్లు నేడు కోఠి గుజరాతీ గల్లీ దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. అందులోని ఆకుపచ్చ ఎల్‌ఈడీ చర్మంలోకి వెలుగు పంపుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలికొసకు రక్తం పోటెత్తి ఆ వెలుగును కాస్త ఎక్కువగా పీల్చుకుంటుంది. తిరిగొచ్చే కాంతిలో ఆ కొద్దిపాటి తేడానే ఆంప్లిఫయర్ పెంచి బోర్డుకు అందిస్తుంది.

ఆర్డుయినో యునో బోర్డు దాన్ని 0 నుంచి 1023 దాకా అంకెల్లో చదువుతుంది. నాడి లేనప్పుడు ఆ అంకెల గీత 512 దగ్గర తచ్చాడుతుంది. సెన్సర్‌తో ఇచ్చిన కోడు 2 మిల్లీసెకన్లకోసారి చూసి, గీత థ్రెషోల్డ్ అనే హద్దు దాటితే ఒక దెబ్బ అని రాసుకుంటుంది. రెండు దెబ్బల నడుమ 833 మిల్లీసెకన్లుంటే, 60,000ను దాంతో భాగించి 72 అంటుంది. గీతను లేపింది రక్తమో, ట్యూబ్‌లైటో, వేలి కదలికో దానికి పట్టదు.

ఇంకో చిక్కుంది. నాడి గీతలో పెద్ద శిఖరం వెనకే చిన్న మూపు ఒకటి లేస్తుంది. దాన్నీ దెబ్బగా లెక్కేస్తే 72 కాస్తా 144 అవుతుంది. అందుకే అసలు కోడు ఒక దెబ్బ పడ్డాక, అంతకుముందు విరామంలో అయిదింట మూడు వంతుల సేపు మరో దెబ్బను ఒప్పుకోదు. ఆ లైను ఎందుకుందో చెప్పగలిగిన విద్యార్థికి ప్రాజెక్టు వచ్చినట్టే.

వేలు గట్టిగా అదిమితే రక్తం ఆగి గీత చదునవుతుంది, వదులుగా పెడితే బయటి వెలుగు దూరుతుంది. వెల్క్రో పట్టీ సమంగా చుట్టాలి. వెనకున్న సర్క్యూట్‌కు చెమట తగలకుండా టేపు వేయాలి. బోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపితే, దాని చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపడం క్షేమం.

అసలు అభ్యంతరం ‘హార్ట్ ఎటాక్ డిటెక్షన్’ అన్న ఆ పేరుతోనే. గుండె కండరానికి రక్తం అందకపోవడం గుండెపోటు. దాన్ని తేల్చేది ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష. గుండెపోటు వచ్చిన మనిషి నాడి 80 ఉండొచ్చు. అప్పుడు ఈ పెట్టె ‘నార్మల్’ అంటుంది, ఇంట్లోవాళ్లు నమ్మి ఊరుకుంటారు.

మాస్టార్లూ, మార్కులు అంకెకు వేయకండి. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోని సీరియల్ ప్లాటర్‌లో గీత చూపించమనండి. మణికట్టు పట్టి, గడియారం చూస్తూ 30 సెకన్లు లెక్కించి, రెట్టింపు చేసి సరిపోల్చమనండి. పెట్టె మీద ‘నాడి వేగం కొలిచే పరికరం’ అని రాయించండి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఏ పెట్టెనూ అడగకుండా 108కి ఫోన్ చేయమని చెప్పండి.