చేటలో డిజైను, గోనె మీద కుట్టు

కుషన్ కవరు మీదకి కొత్త డిజైను కావాలంటే పుస్తకాలు తిరగేస్తాం, పక్కింటావిడని అడుగుతాం. పెరట్లో గోడకి చేరేసిన చేటను మాత్రం చూడం! ఒక్కసారి దాన్ని వెలుతురులో పెట్టి గమనించండి. చాలా చేటల్లో ఒక వెదురు బద్ద రెండు బద్దల మీదుగా వెళ్లి, మరో రెండింటి కిందుగా దూరుతుంది. పక్క వరుసలో అదే అల్లిక ఒక బద్ద జరుగుతుంది. ఆ జరగడంలోనే ఏటవాలు గీతలు వచ్చేస్తాయి.

దీన్ని కుట్టడానికి బట్ట కూడా పొలం సామానే, గోనెసంచి! పోగులు లెక్కపెట్టుకునేంత విడిగా ఉంటాయి కనుక క్రాస్ స్టిచ్‌కి బాగా నప్పుతుంది. జనపనారతోపాటు గోగునారతోనూ గోనెలు నేస్తారు. మనం పచ్చడి చేసుకునే గోంగూర జాతిదే ఆ గోగు!

చేసే విధం: ధాన్యమో, పప్పులో వచ్చిన గోనె తీసుకుని ఆరుబయట బాగా దులపండి. కుట్లు విప్పి, సబ్బుపొడి కలిపిన చన్నీళ్లలో గంటసేపు నానబెట్టండి. తడిస్తే నార బలం తగ్గుతుంది, అందుకని గట్టిగా పిండకండి. నీడన ఆరేయండి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే నూగు గొట్టానికి అడ్డుపడుతుంది సుమా! ముక్క కత్తిరించే ముందే అంచు గీత వెంట మిషన్ కుట్టు రెండు వరసలు వేస్తే పోగులు ఊడవు.

రెండు పోగులను ఒక గడిగా లెక్కపెట్టుకోండి. మొద్దు సూదితో, ఊలుతో రెండు గళ్లు కుట్టి, రెండు వదలండి. పై వరుసలో అంతా ఒక గడి కుడికి జరపండి. అయిదో వరుస మళ్లీ మొదటిదే. గోనె గరుకు కాబట్టి లోపల నూలు బట్ట వేసి కుట్టండి. త్వరగా అంటుకునే గుణం ఉంది, పొయ్యి దగ్గర మాత్రం వాడొద్దు.

పొలం సామాను కదా అని ఏది పడితే అది ఇంట్లోకి తేకండి. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా పూలకుండీలుగా కూడా పనికిరావు. వాటి మీద డైమండు ఆకారంలో గుర్తు ఉంటుంది. అందులో కింది భాగం ఎరుపైతే విషం అత్యధికం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం తక్కువని అర్థం, లేదని కాదు. మందు పట్టించిన విత్తనాలకి గులాబీ, ఎరుపు లాంటి రంగు వేస్తారు. ఆ సంచులూ వద్దు. పసిపిల్లలు కుషన్ మీద బుగ్గ ఆనించి పడుకుంటారు, అంచు నోట్లో పెట్టుకుంటారు. సంచిలో ఏమొచ్చిందో చెప్పేవాళ్లు లేకపోతే అది ఎంత బాగున్నా వదిలేయండి.

ఇంట్లో చేట లేదా? సంతలో మేదరుల దగ్గర ఒకటి కొనండి. డిజైను దించుకున్నాక బియ్యం చెరుక్కోవడానికి ఉంటుంది.